తాత పెట్రోల్ టాంకీ

మా ఇంటి చిన్న పిల్లలను “పద్మిని ఎవరు?” అని అడిగితే, ఊళ్లో ఉన్న ఏ చిన్నమ్మ పేరో అనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. నల్లటి ఒళ్లు, పసుపు కప్పు ఉన్న ప్రీమియర్ పద్మిని టాక్సీ 2023 అక్టోబర్ ఆఖరుకు ముంబై రోడ్ల మీద నుంచి వెళ్లిపోయింది. ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబర్ 29న తాడ్‌దేవ్ ఆర్టీఓలో రిజిస్టర్ అయింది. టాక్సీకి 20 ఏళ్ల గడువు కాబట్టి 2023లో అదే రోజుకు దాని లెక్క ముగిసింది. తాడ్‌దేవ్ ఆర్టీఓ మాకు ఎక్కడో దూరం కాదు. కామాటిపుర నుంచి బెల్లాసిస్ రోడ్డు పట్టుకొని రైలు పట్టాల అవతలికి పోతే అదే. మా తాత తన బండి పాసింగ్ కోసం ఏటా పోయిన ఆఫీసు.

ఆ టాక్సీ గురించి చాలామంది రాశారు. మేము రాస్తున్నది దాని పెట్రోల్ టాంకీ గురించి. తాత నడిపిన బండిలో మా దగ్గర మిగిలింది అదొక్కటే. 2021 వానాకాలంలో అది కారడం మొదలుపెట్టింది. మాటు వేయించాలా, కొత్తది పెట్టించాలా అని ఇంట్లో పదిహేను రోజులు గొడవ నడిచింది. ఆ గొడవ వల్ల కామాటిపుర గురించీ, మా గురించీ కొన్ని సంగతులు తెలిశాయి. బయట ఊళ్లలో ఉంటున్న తెలుగు ఇళ్లవాళ్లకు ఇవి కొత్తగా అనిపించకపోవచ్చు. అయినా రాసి పెట్టుకుంటే మంచిదని రాస్తున్నాం.

మన గల్లీ ఎట్ల పుట్టింది

ముందు చోటు గురించి చెప్పాలి. కామాటిపుర అనగానే బయటివాళ్ల మొహాల్లో ఒక మార్పు వస్తుంది. ఆ వ్యాపారం, అందులో ఇరుక్కుపోయిన ఆడవాళ్ల కష్టం, ఈ ఊరి చరిత్రలో నిజమే. దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ పేట పేరు అక్కడినుంచి రాలేదు. కామాటి అంటే తెలుగులో కూలిపని, మట్టిపని చేసేవాడు. ఆ పేరు మనది.

ఏడు దీవులుగా ఉన్న బొంబాయిలో సముద్రం పోటు వచ్చినప్పుడల్లా నడిమి పల్లం నేలంతా మునిగేది. 1780ల్లో మహాలక్ష్మి వైపు హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేశాక ఆ నీళ్లు ఆగాయి. పల్లం మెల్లగా ఆరింది. 1793లో బెల్లాసిస్ రోడ్డు పడింది. ఆరిన నేల మీద, ఆ రోడ్డుకు దక్షిణాన, నిజాం రాజ్యంలోని తెలుగు తాలూకాల నుంచి వచ్చిన కూలీలు గుడిసెలు వేసుకున్నారు. మట్టి మోశారు, రాయి కొట్టారు, గోడలు కట్టారు. తర్వాత మిల్లులు వచ్చాయి, మన పద్మశాలీలు మగ్గాల మీదికి పోయారు. కొందరు మేస్త్రీలుగా మొదలై పెద్ద కాంట్రాక్టర్లయ్యారు. జాయా కారాడి లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలాజీ కాలేవార్ లాంటి తెలుగువాళ్లు 1873లో జోతిరావు ఫూలే పెట్టిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచారు. ఈ పేర్లు మా చిన్నప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. అందుకే మా పిల్లలకు చెప్తున్నాం.

ఇక్కడి గల్లీలకు పేర్ల కంటే నంబర్లే ఎక్కువ వాడుక. ఇల్లంటే ఒక ఖోలీ, ముందు నడవా, నడవా చివర అందరికీ కలిపి నల్లా. ఇంత ఇరుకులో బతికినవాళ్లకు ఒక అలవాటు పడిపోయింది. ఏదీ పారేయరు. గిన్నెకు చిల్లు పడితే మాటు, ఇత్తడికి కళాయి, గొడుగుకు కొత్త పుల్ల, చెప్పుకు కొత్త అడుగు. చుట్టూ ఉన్నదీ అదే పని. కొంచెం దూరం నడిస్తే చోర్ బజార్. అక్కడ పాత బండ్ల దీపాలు, అద్దాలు, బాగాలు కుప్పలుగా దొరికేవి. అదీ కాకపోతే కుర్లాలో సీఎస్‌టీ రోడ్డు. మా తాత మాటల్లో, “కొత్తది కొనుడు చేతకానోని పని.” ఇది మంచి మాటా కాదా అన్నదే ఈ వ్యాసంలో మేము తేల్చుకోవాల్సిన సంగతి.

బండి కాలం

వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. కార్ఖానా కుర్లాలో. మొదట క్రైస్లర్ వారి బండ్లు బిగించి, 1950ల్లో ఇటలీ ఫియట్‌తో కలిసి చిన్న కార్లకు మారారు. ఫియట్ 1100 అలా వచ్చింది. 1970ల నడుమ దానికే ప్రీమియర్ పద్మిని అని పేరు మారింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేర్లు, నలుగురు కూర్చుని ఒక పెట్టె పైన కట్టుకుంటే బొంబాయిలో ఏ గల్లీలోనైనా తిరిగే కొలత. కలకత్తా అంబాసిడర్‌ను టాక్సీ చేసుకుంటే, బొంబాయి ఈ బండిని చేసుకుంది. ఇది కుర్లాలో తయారైంది.

మా ముత్తాత నిజామాబాద్ దిక్కు నుంచి మట్టిపనికి వచ్చినవాడు. తాత మొదట మిల్లుకు, తర్వాత వేరేవాళ్ల టాక్సీ మీదికి వెళ్లాడు. రాత్రి పాళీ డ్రైవరుగా పదకొండేళ్లు నడిపి, సొంత పర్మిట్ తీసుకొని, 1978 మోడల్ పద్మిని కొన్నాడు. పగలు తాత, రాత్రి ఇంకో డ్రైవరు. బండి అంటే ఇంట్లో ఇంకో పోషించాల్సిన మనిషి అని నానమ్మ అనేది.

టాంకీ ఎందుకు తుప్పు పడుతుంది

ఆ బండికి పట్టే పెట్రోలు సుమారు 38 లీటర్లు. టాంకీ అంటే పలచటి ఇనుప రేకుతో రెండు ముక్కలు చేసి, అంచులు కలిపి అతికిన పెట్టె. పైన మెడ, లోపల పెట్రోలు లాగే గొట్టం, గొట్టం కొసకు చిన్న జాలీ, ఎంత మిగిలిందో కాంటాకు చెప్పే తేలే బుడ్డి. అంతే.

బయటి నుంచి వచ్చే తుప్పు అందరికీ కనిపిస్తుంది. వానలో డిక్కీ రబ్బరు సందులోంచి నీళ్లు దిగుతాయి, టాంకీ కూర్చున్న చోట తడి నిలుస్తుంది, ముంబై ఉప్పుగాలి దానికి తోడవుతుంది. కానీ టాంకీని ఎక్కువగా తినేది లోపలి తుప్పు. టాంకీ సగం ఖాళీగా ఉన్నప్పుడు పై సగంలో గాలి ఉంటుంది. గాలిలో తేమ ఉంటుంది. రాత్రి రేకు చల్లబడగానే ఆ తేమ లోపలి గోడల మీద చెమటలా పట్టి కిందికి జారుతుంది. లీటరు పెట్రోలు సుమారు ముప్పావు కిలో, లీటరు నీళ్లు కిలో. కాబట్టి నీళ్లు పెట్రోలు కిందికి పోయి టాంకీ అడుగున కూర్చుంటాయి. అక్కడే, కింది అతుకు దగ్గరే, చిల్లు మొదలవుతుంది. నిండుగా ఉన్న టాంకీలో గాలికి చోటు లేదు, కాబట్టి తేమకూ చోటు తక్కువ. రోజూ నిండి రోజూ ఖర్చయ్యే టాంకీలో నీళ్లు నిలవవు. ఖాళీగా కూర్చున్న టాంకీయే కుళ్లుతుంది.

తుప్పుకు మా ఇంట్లో మూడు పేర్లు. పుస్తకం తెలుగులో తుప్పు. నానమ్మ నోట జంగు. నడవాలో మరాఠీ ఆడవాళ్ల నోట గంజ్. మూడూ ఒకే సీసాలోకి దిగే ఎర్రటి పొడి. ఆ పొడి మొదట జాలీకి, తర్వాత పంపుకు, చివరికి కార్బురేటర్ జెట్‌కు అడ్డం పడుతుంది. కెంప్స్ కార్నర్ దాటి పెడ్డర్ రోడ్డు ఎక్కేటప్పుడు బండి గుర్రంలా దుముకుతూ ఆగిందంటే, తాత బానెట్ ఎత్తకముందే “టాంకీల జంగు లేసింది” అనేవాడు. ప్రయాణికులు దిగి వేరే టాక్సీ ఎక్కేవాళ్లు. ఆ రోజు సంపాదన సగం అక్కడే పోయేది.

సబ్బు నుంచి మాటు దాకా

చిన్న చిల్లుకు మొదటి మందు బట్టల సబ్బు. పెట్రోల్‌లో సబ్బు కరగదు. చిల్లు మీద గట్టిగా రుద్ది, మెత్తి, గుడ్డ ముక్క కడితే ఆ పూట గడుస్తుంది. ప్రపంచమంతా డ్రైవర్లకు తెలిసిన చిట్కా ఇది. తాత డాష్‌బోర్డు అరలో బిల్లుల పక్కన ఎప్పుడూ ఒక సబ్బు ముక్క ఉండేదట. ఎవరైనా చూసి నవ్వితే, “నా మొహానికి కాదు, బండికి” అనేవాడు.

సబ్బు గ్యారేజీకి చేర్చడానికి మాత్రమే. అసలు పని మాటు. సీసం, తగరం కలిపిన టంకంతో రేకు మీద రేకు అతికించడం. గిన్నెలకు వేసేదే, కాని ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది. పెట్రోలు నిండా ఉన్న టాంకీ కంటే ఖాళీ టాంకీ ఎక్కువ ప్రమాదం. మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర వంతుల నుంచి ఏడున్నర వంతుల లోపు ఉంటే, నిప్పురవ్వ చాలు, టాంకీ బాంబులా పేలుతుంది. పెట్రోలు ఒంపేసిన టాంకీలో మిగిలేది సరిగ్గా అలాంటి గాలే.

అందుకే పాత మిస్త్రీలు తొందరపడేవాళ్లు కాదు. టాంకీ విప్పి, ఒంపి, చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, నీచు వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టేవాళ్లు. తర్వాత మాటు వేసే చోటు మాత్రం పైకి వచ్చేట్టు టాంకీని తిప్పి, మిగిలినదంతా నీళ్లతో నింపేవాళ్లు. లోపల గాలికి చోటు లేకుండా. కొలిమి దూరంగా. ఎర్రగా కాలిన రాగి కడ్డీని అక్కడి నుంచి తెచ్చి, నవాసాగరం తగిలించి, టంకం కరిగించి పరిచేవాళ్లు. మంట టాంకీ దగ్గరికి రాకూడదు. ఇంత జాగ్రత్త తీసుకున్న చోట కూడా ప్రమాదాలు జరుగుతాయి. కాబట్టి ఇది చదివి ఇంట్లో ఎవరూ చేయి పెట్టకండి. ఇది చరిత్ర కోసం రాస్తున్నాం, పాఠం కోసం కాదు.

గ్యాసు వచ్చింది, టాంకీ ఖాళీ అయింది

తాత బండి మొదటి టాంకీ మీద మాటు మీద మాటు పడింది. చివరికి 2000లో కొత్తది పెట్టించాడు. జీవితంలో మొదటిసారి, మనసు చంపుకొని. మేము చెప్తున్నది ఆ రెండో టాంకీ గురించి.

అది వచ్చిన కొద్దికాలానికే ఊరి గాలి మీద కేసు తేలింది. టాక్సీల పొగ గురించి బాంబే హైకోర్టు 2001లో ఆదేశాలు ఇచ్చింది. పాత టాక్సీలు సీఎన్‌జీకి మారాలి, లేదా ఆగాలి. పద్మిని డిక్కీలో పెద్ద సిలిండరు వచ్చి కూర్చుంది. ప్రయాణికుల పెట్టెలకు చోటు పోయింది, కప్పు మీది కడ్డీల మీదికి ఎక్కాయి. గ్యాసు చవక. గాలికి మంచిది. ఇందులో ఎవరికీ తగువు లేదు. కానీ పెట్రోల్ టాంకీ పీకేయలేదు. పొద్దున స్టార్ట్ చేయడానికీ, గ్యాసు పంపు దగ్గర గంటల వరుసలో గ్యాసు అయిపోతే నెట్టుకు రావడానికీ, అయిదారు లీటర్లు అందులో పడి ఉండేవి. అంటే కొత్త టాంకీ ఏళ్ల తరబడి మూడొంతులు పైగా ఖాళీ. రోజూ నిండి రోజూ ఖర్చయినప్పుడు పాత టాంకీ ఇరవై ఏళ్లు ఆగింది. ఖాళీగా కూర్చున్న కొత్తది ఎప్పుడు కుళ్లడం మొదలుపెట్టిందో ఎవరూ చూడలేదు.

2005 జూలై 26న దానికి ఇంకో దెబ్బ తగిలింది. ఆ రోజు శాంతాక్రూజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన కురిస్తే, కొలాబాలో 74 మాత్రమే. మన గల్లీల్లో అంత లేదు కాబట్టి ఇంట్లోవాళ్లకు భయం పుట్టలేదు. తాత విమానాశ్రయం కిరాయికి పోయి, తిరిగి వస్తూ కుర్లా దగ్గర నీళ్లలో చిక్కాడు. సీటు దాకా నీళ్లు. బండి వదిలేసి, రాత్రంతా ఒక మసీదు మెట్ల మీద కూర్చుని, మర్నాడు నడుచుకుంటూ ఇల్లు చేరాడు. టాంకీలో ఎన్ని నీళ్లు దిగాయో, ఒంపినా ఎన్ని అడుగున ఉండిపోయాయో. 2007లో కింది అతుకు దగ్గర సన్నని చిల్లు పడింది. తాత మాటు వేయించాడు. అరచేయంత ముక్క, అంచులు చక్కగా, టంకం వెన్నలా పరిచి. చాలా అందమైన పని.

టాక్సీలకు 25 ఏళ్ల గడువు అమలైనప్పుడు తాత బండి లెక్క దాటిపోయి ఉంది. 2009లో దాన్ని తుక్కుకు ఇచ్చాం. పుట్టిన కుర్లాలోనే అది ముక్కలైంది. తాత ఇంజను అడగలేదు, మీటరు అడగలేదు. “టాంకీ ఇప్పియ్యి. అది కొత్తదే” అన్నాడు. పెదనాన్నకు అప్పటికి ఒక పాత సొంత పద్మిని ఉంది, 1989ది. దాని టాంకీ పోయి ఉంది. తాత టాంకీ దానికి బిగించారు. తాత 2014లో పోయాడు.

2021 వానలు

2020 మార్చిలో లాక్‌డౌన్ పడేనాటికి ఆ కారు గల్లీలో గోడ పక్కన నిలబడి ఉంది. అందరం తలో దిక్కు. ఒకరు ఠాణేలో, ఒకరు నవీ ముంబైలో, ఒకరు దుబాయిలో. ఖోలీలో పెదనాన్న, పెద్దమ్మ మాత్రమే. కారు మీద తాటిపత్రి కప్పి వదిలేశారు. ఏడాదిన్నర దాన్ని ఎవరూ కదల్చలేదు.

2021 జూలైలో నడవాలో పెట్రోలు వాసన మొదలైంది. మొదట ఎవరి స్టవ్వో అనుకున్నారు. తర్వాత కారు కింద తడి మరక కనిపించింది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది, గడప దాటి లోపలికి వస్తుంది. మన చాల్ కింది వరుసలో గ్యాసు పొయ్యిలు నేల మీదే ఉంటాయి. ఉక్కపోతకు రాత్రి మనుషులు ఆ కారు పక్కనే చాపలు వేసుకొని పడుకుంటారు. ఒకరు బీడీ వెలిగిస్తే చాలు.

పెదనాన్న సబ్బు రుద్దాడు. తాత చేసినట్టే. రెండు రోజులు ఆగింది. మళ్లీ కారింది. ఇంకో రెండు అంగుళాల అవతల.

వీడియో కాల్‌లో అందరం కూర్చున్నాం. పెదనాన్న మాట స్పష్టం: “నాయిన చెయ్యి పడ్డ టాంకీ అది. మాటు ఏపిస్త. పడేసుడు నాతోని కాదు.” ఠాణే అత్త ఊరుకోలేదు: “అన్నా, నాయిన చెయ్యి పడ్డది సరే. కింద మంది పండుకుంటున్నరు. ఆళ్లకేమన్నైతే నాయిన ఊకుంటుండెనా?” చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. కానీ కొత్తది పెట్టాలని అందరూ ఒప్పుకున్నారని కూడా కాదు. ముందు పెట్రోలు ఒంపించి, కారును మనుషులకు దూరంగా తోయించి, ఇసుక పోయించాం. తర్వాత మిస్త్రీని పిలిచాం.

దో టాంకీ దిక్కున ఉండే ముసలి మిస్త్రీ ఆయన. తాత ఎరుక. టాంకీ విప్పి, కడిగి, కాంటా మూత తీసి లోపలికి టార్చి వేసి చూపించాడు. అడుగంతా ఎర్ర మట్టి. గోడల మీద, ఒకే ఎత్తులో, చుట్టూ ఒక గీత. చెరువులో నీటిమట్టం పడిపోయాక గట్టు మీద మిగిలే గీత లాంటిది. గ్యాసు కాలంలో పెట్రోలు ఎంత ఎత్తులో ఉండేదో అంత ఎత్తులో. ఆ గీతకు పైన రేకంతా దద్దుర్లు. తాత వేయించిన మాటు మాత్రం చెక్కు చెదరలేదు. దాని చుట్టూ రేకు పోయింది. మిస్త్రీ స్క్రూడ్రైవరుతో మెల్లగా పొడిచాడు. మాటు పక్కన రేకు అప్పడంలా విరిగింది.

“మీ నాయన మాటు మంచిదే బేటా,” అన్నాడు పెదనాన్నతో, తన హిందీలో. “కానీ మాటు దేన్ని పట్టుకుంటది? రేకు ఉంటే కదా.”

పెదనాన్నకు అరవై ఎనిమిదేళ్లు. ఆయన్ను బేటా అని పిలిచేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ మిగల్లేదు. ఆయన ఏమీ అనకుండా తల ఊపాడు. పదిహేను రోజుల గొడవ ఆ తల ఊపుడుతో ముగిసింది.

కొత్త రేకుతో అదే కొలతకు టాంకీ చేయించాం. పాత మెడ, మూత బాగున్నాయి, అవి కొత్తదానికి పెట్టారు. జాలీ కొత్తది, గొట్టాల రబ్బర్లు కొత్తవి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు. మన దేశంలో 2003లో కొన్ని రాష్ట్రాల్లో నూటికి 5 పాళ్లతో మొదలై, ఇప్పుడు 20కి చేరింది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బర్లను మెత్తబరుస్తుంది, ఏళ్లనాటి తుప్పును ఊడదీస్తుంది. పాత బండ్లను ఇంకా ఉంచుకున్నవాళ్లు కారు కదపకుండా నెలలు వదిలేయకండి. కనీసం రెండు వారాలకోసారి తిప్పండి, టాంకీ నిండుగా ఉంచండి, వాసన వస్తే మెకానిక్ కంటే ముందు పక్కింటివాళ్లకు చెప్పండి.

మాటు ముక్క

పాత టాంకీ తుక్కుకు పోయింది. పోయేముందు మిస్త్రీ తాత మాటు ఉన్న ముక్కను కత్తిరించి, అంచులు మడిచి ఇచ్చాడు. అది ఇప్పుడు ఖోలీలో దేవుడి అర పక్కన ఉంది. అత్త వచ్చినప్పుడల్లా దాన్ని తీసి తుడిచి పెడుతుంది. పారేయమన్నది తనే కదా అని పెదనాన్న ఎగతాళి చేస్తాడు.

ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నామంటే, మన చాల్‌కూ ఇదే ప్రశ్న వచ్చింది. దక్షిణ ముంబైలోని పాత చాళ్లను బాగు చేయడానికి 1969లో చట్టం వచ్చింది. అద్దెదారుల దగ్గర మరమ్మతు సెస్ వసూలు చేసి, రిపేర్ బోర్డు దూలాలు మార్చేది, మెట్లకు ఇనుప కమ్మీలు వేసేది. 1977లో ఆ బోర్డు మ్హాడాలో కలిసింది. యాభై ఏళ్లుగా మన ఇంటికి మాటు మీద మాటు పడింది. ఇప్పుడు సుమారు 34 ఎకరాల కామాటిపురను మొత్తంగా మళ్లీ కట్టే పథకం నడుస్తోంది. అద్దె కుటుంబానికి 500 చదరపు అడుగుల ఇల్లు అంటున్నారు. సంతకం పెట్టాలా వద్దా అని ఇంట్లో మళ్లీ వీడియో కాల్.

పాతది కాబట్టి ఉంచాలి అనే మాట మేమిప్పుడు అనం. తాత మాటు ఎంత అందంగా ఉన్నా, రేకు పోయాక దానికి పట్టు లేదు. అట్లని, కొత్తది కాబట్టి మంచిది అని కూడా అనం. 2000లో వచ్చిన టాంకీ కొత్తదే. ఖాళీగా ఉంచినందుకు పోయింది. ముందు టార్చి వేసి లోపల చూడాలి. మన నడవాలో ఇరవై ఖోలీలుంటే, తొమ్మిదింటికి తాళాలే. ఠాణే, పన్వేల్, దుబాయి, నిజామాబాద్. తాళం వేసిన ఖోలీ కప్పు ముందు కారుతుంది. దాని నీళ్లు పక్క ఖోలీ గోడలోకి దిగుతాయి. ఇందులో మా తాళమూ ఒకటి అవ్వబోయింది. పెదనాన్న ఉండబట్టి కాలేదు.

కాబట్టి సంతకం పెట్టేముందు ఇంట్లో రెండు మాటలు అనుకున్నాం. ఒకటి, దూలాలు నిజంగా పోయి ఉంటే కింద పడుకునేవాళ్ల ప్రాణం ముందు, మన జ్ఞాపకాలు తర్వాత. అత్త మాటే ఇక్కడా వర్తిస్తుంది. రెండు, కొత్త ఇల్లు వస్తే దాన్ని అద్దెకిచ్చి తాళంచెవి దుబాయిలో పెట్టుకోవద్దు. ఇంట్లో ఒకరు ఉండాలి. మన మాట వినిపించాలి. పాత టాంకీ మెడా మూతా కొత్తదానికి ఎక్కినట్టు, పోచమ్మ పండుగ, గల్లీ నంబరు, నడవాలో పిలుచుకునే వరసలు కొత్త ఇంటికి ఎక్కాలి. వాటికి తుప్పు లేదు, వాడుతూ ఉంటే.

కారు ఇప్పుడు నడుస్తోంది. ప్రతి రెండో ఆదివారం పెదనాన్న దాన్ని మహాలక్ష్మి దాకా తీసుకుపోయి, టాంకీ నింపించుకొని వస్తాడు. మీలో ఎవరింట్లోనైనా పాత ఫియట్ టాక్సీ ఫోటోలు, తాతల బ్యాడ్జీలు, పర్మిట్ కాగితాలు ఉంటే బయటికి తీయండి. వెనక పేరూ సంవత్సరమూ రాయండి. పెట్టెలో మూసిపెడితే వాటికీ చెమట పడుతుంది.